జమ్మలమడుగు రోడ్డు మీద ఐసుగడ్డ

మహమూదా చేతికి ఆ యంత్రం వచ్చిన రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయింది. పొద్దున పట్టుకుపోయిన క్యారియర్ సాయంత్రం అట్లాగే ఇంటికి తిరిగొచ్చింది. తల్లి మాబున్ని మూత తీసి చూసి, కూతురికి ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఒంట్లో బాగానే ఉంది. ఆ పిల్ల చేతులు కడుక్కోకుండానే, వేళ్ళకు గ్రీజు అట్లాగే ఉండగానే, ఆ రోజు ఏం చూసిందో చెప్పడం మొదలుపెట్టింది.

అది 1998. మహమూదాకు ఇరవై నాలుగేళ్ళు. ప్రొద్దుటూరు నుంచి చాపాడు పోయే దారిలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో, రోడ్ల ల్యాబులో టెక్నీషియన్. కడపలో సివిల్ డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరి ఏడాదైంది. తండ్రి సర్దార్ తారు పని మనిషి. వయసులో ఉన్నప్పుడు జిల్లా రోడ్ల మీద తారు డ్రమ్ములు కాచేవాడు. తర్వాత కువైట్ పోయి ఆరేళ్ళు అక్కడా రోడ్డు పనే చేసి వచ్చాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. చిన్నప్పుడు ఆయనకు సద్ది తీసుకుపోయినప్పుడల్లా మహమూదా రోడ్డు పక్కన నిలబడి, నల్లటి కంకర పొగలు కక్కుతూ పడడం, దాని మీద రోలరు ముందుకీ వెనక్కీ నడవడం చూస్తూ ఉండిపోయేది. ఎవరైనా పిలిస్తే గాని కదిలేది కాదు.

యంత్రం పెద్ద రేడియో అంత ఉంటుంది. దానికి రెండు తీగలు, తీగల చివర గుప్పిట్లో పట్టే రెండు ఉక్కు డబ్బీలు. ఒక డబ్బీ చప్పుడు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. ఆ చప్పుడు మనిషి చెవికి వినపడదు. ఒక డబ్బీ నుంచి రెండో డబ్బీకి చేరడానికి దానికి ఎంతసేపు పట్టిందో యంత్రం మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పదిలక్షల వంతుల్లో చూపిస్తుంది. లోపల గట్టిగా, ఒత్తుగా ఉంటే చప్పుడు గబగబా పోతుంది, అంకె చిన్నదిగా వస్తుంది. లోపల గాలి ఉంటే, తారు సరిగా పట్టకపోతే, ఆలస్యమవుతుంది, అంకె పెరుగుతుంది. కాంక్రీటు దూలాల కోసం కాలేజీ తెప్పించిన యంత్రం అది. దాన్ని తారు కంకర మీద పెట్టి చూద్దామన్న ఆలోచన పెంచలయ్య సారుది.

పెంచలయ్య సారు ఆ శాఖకు పెద్ద. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, ఇంజినీరింగ్ దాకా చదివిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు. విదేశాల్లో తారు రోడ్ల బలాన్ని ఈ వినపడని చప్పుడుతో కొలుస్తున్నారని ఎక్కడో చదివి, మనమూ చూద్దామని మహమూదాతో అన్నాడు. అంతవరకూ ల్యాబులో ఒకటే పద్ధతి ఉండేది. వేడి తారు కంకరను అచ్చులో పోసి, సుత్తితో లెక్క ప్రకారం దెబ్బలు కొట్టి, అరచేయంత బిళ్ళ చేయడం. ఆ బిళ్ళను వేడినీళ్ళలో ఉంచి, యంత్రంలో నొక్కి విరగ్గొట్టడం. ఎంత బరువుకు విరిగితే అదే దాని బలం. బలం తెలిసేసరికి బిళ్ళ ఉండదు. ఇప్పుడు విరగ్గొట్టకుండానే లోపలి సంగతి తెలుస్తుందన్న మాట మహమూదాను పట్టుకుంది.

ఆరు నెలలు ఆమె అదే పనిలో పడింది. ముందు బిళ్ళ గుండా చప్పుడు పంపి అంకె రాసుకునేది. తర్వాత విరగ్గొట్టి బరువు రాసుకునేది. వందో బిళ్ళ దాటేసరికి, అంకె చూడగానే ఎంత బరువుకు విరుగుతుందో ముందే చెప్పేసేది. ఒకరోజు పెంచలయ్య సారు ఏడు బిళ్ళలు కలిపేసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఏడింటికీ బరువులు ఒక కాగితం మీద రాసి బోర్లించింది. తర్వాత ఒక్కొక్కటీ విరగ్గొట్టారు. ఆరు సరిపోయాయి. ఏడోది కాస్త తేడా వచ్చింది. సారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. వరండాలో ఆయన ఇద్దరు లెక్చరర్లను ఆపి ఆ కాగితం చూపించడం కిటికీలోంచి మహమూదాకు కనపడింది.

ఆ ఏప్రిల్‌లో ఒక గమ్మత్తు జరిగింది. కిటికీ గట్టు మీద ఎండలో మరిచిపోయిన బిళ్ళకు ఆమె చప్పుడు పంపితే అంకె అమాంతం పెరిగిపోయింది. యంత్రం చెడిపోయిందనుకుని గాబరా పడింది. సాయంత్రం బిళ్ళ చల్లారాక మళ్ళీ చూస్తే అంకె పాత చోటికి వచ్చి నిలబడింది. తారు వేడికి మెత్తబడితే చప్పుడు కూడా నెమ్మదిస్తుందని ఆమెకు అప్పుడు తట్టింది. ఆ నెలంతా నీళ్ళ బకెట్లు, థర్మామీటర్లు ముందు పెట్టుకుని ఒక్కో వేడికి ఎంత తేడా వస్తుందో పట్టిక గీసింది. సారు చూసి చాలా బాగుందన్నాడు. ఆ పట్టిక అవసరం పడుతుందని మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

మరుసటి ఏడాది, 1999లో, జమ్మలమడుగు దగ్గర కొత్త రోడ్డు గొడవ వచ్చింది. గుండ్లమేడు, నల్లగుట్టపల్లె అని రెండు ఊళ్ళు. మధ్య పదకొండు కిలోమీటర్లు. గుండ్లమేడులో ఎర్రన్నది పెత్తనం. నల్లగుట్టపల్లెలో చిన్నన్నది. ఇద్దరివీ ఒకప్పుడు గొర్రెల మందలున్న కుటుంబాలే. దూరపు చుట్టరికం కూడా ఉండడంతో ఒకరినొకరు మామా అనే పిలుచుకునేవాళ్ళు. కానీ ఒకరిది ఒక పార్టీ, ఇంకొకరిది ఇంకో పార్టీ. పదేళ్ళలో రెండు వైపులా మనుషులు పోయారు. ఆ ఊరి పెళ్ళికి ఈ ఊరివాళ్ళు పోరు. ఈ ఊరి బస్సు ఆ ఊళ్ళో ఆగదు. తన పార్టీ అధికారంలో ఉండడంతో రోడ్డు కాంట్రాక్టు ఎర్రన్నకు వచ్చింది. మూడు నెలల్లో రోడ్డు పడింది. పడిన నెలకే చిన్నన్న, తన ఊరి వైపు ఎర్రన్న కావాలని నాసి రోడ్డు వేశాడని పై అధికారులకు కాగితం పెట్టాడు.

అధికారులు రోడ్డుకు రంధ్రాలు కోసి ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఆ ముక్కలు దారిలో మార్చేశారని ఒక వర్గం అంది. రంధ్రాలు కావాలని లోతుగా కోసి రోడ్డు పాడు చేశారని ఇంకో వర్గం అంది. ఆ దారి పెద్ద రోడ్డులో కలిసే క్రాసింగ్ దగ్గర రెండు సుమోల అద్దాలు పగిలాయి. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇది కత్తుల దాకా పోతుందని భయపడిన ఒక అధికారి, పెంచలయ్య సారు యంత్రం గురించి విని, రెండు వర్గాలనూ కూర్చోబెట్టాడు. రోడ్డుకు గీత పడదు, ముక్క ఎక్కడికీ పోదు, అందరి కళ్ళముందే అంకె కనపడుతుంది అని చెప్పాడు. ఆ మాట ఇద్దరికీ నచ్చింది.

మే నెలలో ఒక మంగళవారం. తెల్లారేసరికి కాలేజీ జీపు గుండ్లమేడులో ఉంది. జీపులో పెంచలయ్య సారు, మహమూదా, యంత్రం, బ్యాటరీ, చీపురు, టేపు, గ్రీజు డబ్బా. వెనక పోలీసు వ్యాను. దాని వెనక ఎర్రన్న మనుషుల సుమోలు, చిన్నన్న మనుషుల సుమోలు, మధ్యలో చాలినంత ఖాళీ వదిలి. మహమూదా బురఖా అంచు నడుముకు దోపుకుని రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. చీపురుతో ఊడ్చి, రెండు చోట్ల గ్రీజు రాసి, సరిగ్గా అడుగు దూరంలో రెండు డబ్బీలూ నొక్కి పట్టింది. అంకె ఎనభై ఎనిమిది. చాలా మంచి అంకె. రోడ్డు గట్టిగా ఉందని చెప్పగానే ఎర్రన్న మనుషుల్లో హుషారు.

ప్రతి రెండు వందల మీటర్లకూ అదే పని. ఎనభై తొమ్మిది, తొంభై, తొంభై మూడు. నాలుగో కిలోమీటరు దాటాక మూడు చోట్ల అంకె నూట ఇరవైకి ఎగబాకి, మళ్ళీ తొంభై తొమ్మిదికి దిగింది. డబ్బీ కింద ఇసుక పడిందేమోనన్నాడు సారు. మహమూదా ఆ మూడు అంకెల కింద రెండేసి గీతలు గీసి ముందుకు జరిగింది. పొద్దు ఎక్కుతున్నకొద్దీ అంకె పెరుగుతూ పోయింది. ఏడో కిలోమీటరులో నూట పది. తొమ్మిదో కిలోమీటరులో నూట ఇరవై ఆరు. మధ్యాహ్నానికి నల్లగుట్టపల్లె పొలిమేరలో నూట ముప్పై ఎనిమిది.

చిన్నన్న జీపు దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"చూస్తిరా సారూ. ఆయప్ప ఊరు దాటినాక చప్పుడు నడవలేక పడిపోతాండాది. మా పక్క మన్ను పోసి పైన తారు పూసినాడు."

ఎర్రన్న అవతలి నుంచే జవాబిచ్చాడు. "నోరు జారొద్దు మామా. ఒకే ప్లాంటు, ఒకే తారు. నీ ఊరికని నేను వేరేగా కాంచలేదు."

సుమోల తలుపులు తెరుచుకున్న చప్పుడు వరసగా వినపడింది. కొందరి చేతులు సీట్ల కిందికి పోయాయి. పోలీసు వ్యాను దగ్గర ఉన్న నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెంచలయ్య సారు యంత్రం పెట్టెలో సర్దమని సైగ చేశాడు. మహమూదా సర్దలేదు. పుస్తకం తీసి పొద్దుటి నుంచి రాసిన అంకెల పక్కన టైము చూసింది. అంకె పెరిగింది ఊరు మారినప్పుడు కాదు, గంట మారినప్పుడు. మంచి రోడ్డు ఒక చోట ఆగి చెడ్డ రోడ్డు మొదలైతే అంకె ఒక్కసారిగా ఎగరాలి. ఇది మెట్టు మెట్టుగా ఎక్కింది. ఆమె అరచేతిని రోడ్డుకు ఆనించి వెంటనే వెనక్కి తీసుకుంది. పెనం మీద పెట్టినట్టుంది.

అప్పుడు తనకు కలిగింది భయమో సంతోషమో తెలియలేదని ఆమె తర్వాత చెప్పింది. లేచి నిలబడి, అందరికీ వినపడేలా మాట్లాడింది.

"అప్పా, ఒక నిమిషం ఆగండి. ఈ అంకెలు అబద్ధం కాదు. కానీ ఇవి రోడ్డు సంగతి చెప్పడంల్యా. ఎండ సంగతి చెప్తాండాయి. పొద్దున చల్లగున్నప్పుడు ఆ పక్క కొలిచినాం. ఎండ నెత్తికెక్కినాక ఈ పక్క కొలిచినాం. తప్పు మాది."

చిన్నన్న ఆమెను ఎగాదిగా చూశాడు. "మేమెట్ల నమ్మాల పాపా? ఆయప్ప పక్క బాగుంటే రోడ్డు బాగుండాదంటివి. మా పక్కకు వచ్చేతలికి ఎండంటాండావు."

"నమ్మొద్దు. ఈన్నే చూపిస్తా. నాకు ఒక ఐసుగడ్డ కావాల."

అంతమంది మధ్య ఆ మాట వినగానే ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మహమూదా మాత్రం జమ్మలమడుగు ఐసు ఫ్యాక్టరీ నుంచి పెద్ద గడ్డ, పైన కప్పడానికి గోనెలు, ఒక ప్లాస్టిక్ పట్ట కావాలని అడిగింది. ఎర్రన్న తన బండి పంపుతానన్నాడు. ఆ ఐసులో ఏం కలుపుతారోనని చిన్నన్న ఒప్పుకోలేదు. చివరికి ఎర్రన్న సుమోలో ముందు సీట్లో చిన్నన్న మనిషి ఒకడు ఎక్కితే గాని బండి కదల్లేదు. రెండు వర్గాల మనుషులు ఒకే బండిలో జమ్మలమడుగు పోయి రావడం గురించి ఆ ఊళ్ళల్లో చాలా రోజులు చెప్పుకున్నారు.

వాళ్ళు వచ్చేలోగా ఆమె నూట ముప్పై ఎనిమిది వచ్చిన చోట సుద్దతో గుండ్రంగా గీసింది. రెండు వర్గాలనూ అడిగి, మేకు దిగేంత సన్నటి రంధ్రం చేసి, అందులో నూనె చుక్క వేసి థర్మామీటరు గుచ్చింది. యాభై ఎనిమిది డిగ్రీలు. రెండు వర్గాల నుంచి చదువు వచ్చిన ఒక్కొక్కరిని పిలిచి, అంకె చదవాల్సింది మీరే, నేను కాదు అని చెప్పింది.

ఐసుగడ్డ ఊకలో చుట్టి వచ్చింది. నీళ్ళు రోడ్డులోకి దిగకుండా పట్ట పరిచి, దాని మీద గడ్డ పెట్టి, గోనెలు కప్పారు. పావుగంటకోసారి గడ్డ పక్కకు జరిపి, తుడిచి, గ్రీజు రాసి డబ్బీలు పెట్టింది. చుట్టూ మనుషులు మూగిపోయారు. అందరికీ కనపడాలని ముందు వరస కూర్చుంది. వెనక వరస వంగింది. ఎవరు ఏ పార్టీవాళ్ళో ఇక తెలియలేదు.

"నూట ఇరవై రెండు," అన్నాడు ఎర్రన్న మనిషి.

చిన్నన్న మనిషి వంగి తానూ చూసి తలూపాడు.

తర్వాత నూట ఏడు. ఆ తర్వాత తొంభై ఏడు. గడ్డ అంచుల్లోంచి విరిగిన ముక్కలు ఎవరో చప్పరించడం మొదలుపెట్టారు. పక్కవాడు చెయ్యి చాచాడు. మే నెల ఎండలో ఐసుముక్కకు కాదనేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఐదోసారి డబ్బీలు పెట్టేసరికి థర్మామీటరు ముప్పై ఒకటి చూపిస్తోంది. మహమూదా కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి చదివారు. ఎనభై తొమ్మిది.

అంటే పొద్దున గుండ్లమేడులో వచ్చిన అంకే. అదే రోడ్డు, అదే చోటు, రెండు గంటల్లో నూట ముప్పై ఎనిమిది నుంచి ఎనభై తొమ్మిదికి దిగింది. చిన్నన్న ఆ సుద్ద గీత దగ్గర గొంతుక్కూర్చుని, తన అరచేతిని చల్లటి రోడ్డు మీదా, పక్కనే కాలే రోడ్డు మీదా మార్చి మార్చి పెట్టి చూశాడు. తర్వాత లేచి, రేపు తెల్లారగానే నల్లగుట్టపల్లె నుంచి మొదలుపెట్టి ఎదురు కొలవమన్నాడు. అది మహమూదా అడగాలనుకున్నదే. సుమోల తలుపులు మూసుకున్నాయి. పెంచలయ్య సారు జీపెక్కాక, ఆ పట్టిక సంగతి తాను మరిచేపోయానన్నాడు.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి మొదట్లో ఒక సుమో ఆగింది. దిగినవాడు ఎర్రన్న వర్గం మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. సర్దార్ తాగమన్న టీ కూడా తాగాడు. ఈ పొద్దు మీ పాప శానా మేలు చేసిందని, ఇంతటితో చాలని, రేపు ఆమెకు జ్వరం వచ్చినట్టయితే అందరికీ బాగుంటుందని చెప్పాడు. లోపలి గదిలో మహమూదా పుస్తకం తెరిచే కూర్చుంది. నాలుగో కిలోమీటరు దగ్గర రెండేసి గీతలు గీసిన మూడు అంకెల వంక చూసింది. అక్కడికి పొద్దున ఎనిమిదిలోపే చేరారు. అప్పటికి రోడ్డు అంత కాలలేదు. ఆ మూడూ ఎండ వల్ల వచ్చినవి కావు. ఈ మనిషి ఎందుకొచ్చాడో ఆమెకు అర్థమైంది.

సర్దార్ గ్లాసు కింద పెట్టి, నిదానంగా అన్నాడు. "నా బిడ్డ చిన్నప్పుడు మూడు దినాలు జ్వరంలో ఉండి కూడా బడికి పోయిందప్పా. ఇప్పుడు ఒంట్లో బాగుండంగా మానిపించే శక్తి నాకు ల్యా."

వచ్చినవాడు లేచి వెళ్ళిపోయాడు. మాబున్ని ఏడ్చింది, పోవద్దంది. సర్దార్ చాలాసేపు ఆలోచించి, తాను కూడా జీపులో వస్తానన్నాడు.

బుధవారం తెల్లవారుజామున నల్లగుట్టపల్లె పొలిమేరలో మొదటి అంకె ఎనభై ఏడు. ముందురోజు మధ్యాహ్నం అందరినీ బెదరగొట్టిన చోటే అది. చిన్నన్న ఊరివాళ్ళు ఎగబడి చూశారు. తమ ఊరికి మంచి రోడ్డే పడిందన్న సంతోషం, ఇన్నాళ్ళు తిట్టిపోసినందుకు ఇబ్బంది, రెండూ వాళ్ళ మొహాల్లో ఉన్నాయి. అక్కడి నుంచి గుండ్లమేడు వైపు కొలుస్తూ వచ్చారు. ఈసారి ప్రతి చోటా వేడి కూడా రాసుకుంటూ, పట్టిక ప్రకారం ఎంత రావాలో ముందే చెబుతూ వచ్చింది మహమూదా. చెప్పినట్టే వస్తున్నాయి. ఒక్కోసారి ఆమె నోటి నుంచి అంకె రావడం, చదివేవాళ్ళ నోటి నుంచి అదే అంకె రావడం ఒకేసారి జరిగేది. వెనక నడుస్తున్నవాళ్ళు ఆమె ఏం చెబుతుందోనని చెవులు రిక్కించడం మొదలుపెట్టారు.

నాలుగున్నర కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. నూట ఆరు రావాలని ఆమె చెప్పింది. నూట ముప్పై వచ్చింది. ఊడ్చి, గ్రీజు మార్చి మళ్ళీ చూసింది. నూట ముప్పై. అటు రెండు వందల మీటర్లు, ఇటు రెండు వందలు. అదే తీరు. రెండు రోజులు, రెండు వైపుల నుంచి వచ్చినా, తప్పు అదే చోట. జీపులో ఈసారి ముందే తెచ్చుకున్న ఐసుగడ్డ ఉంది. దింపమంది. ఎర్రన్న గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు గాని దగ్గరికి రాలేదు.

నూట ఇరవై నాలుగు. నూట పద్దెనిమిది. నూట పదహారు. థర్మామీటరు ముప్పైకి దిగింది. అంకె నూట పదహారు దగ్గరే ఆగిపోయింది. ఇంకో పావుగంట ఉంచినా కదల్లేదు. ఇక్కడ ఎంత చల్లబరిచినా చప్పుడు వేగం అందుకోవడం లేదని, లోపల ఖాళీలున్నాయని, వానలు పడితే నీళ్ళు దిగి ఈ ఆరు వందల మీటర్లూ లేచిపోతాయని మహమూదా చెప్పింది. ఇది గుండ్లమేడు పక్క భాగం. ఎర్రన్న తన సొంత మనుషులు నడిచే రోడ్డునే పాడు చేసుకున్నాడా అని చిన్నన్న వర్గం గుసగుసలు పోయింది.

అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. పెద్దసుబ్బమ్మ. పక్క పల్లె మనిషి. ఈ రెండు ఊళ్ళదీ కాదు. తారు పనిలో కంకర పరిచే కూలి. రోడ్డు పడ్డన్నాళ్ళూ పనిలో ఉంది. ఆమె ఎవరి వైపూ చూడకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఇది బందు నాటి రోడ్డు. ఆ పొద్దు చిన్నన్న మనుషులు క్రాసింగు కాడ రాళ్ళు అడ్డం పెట్టినారు. టిప్పర్లు నాలుగు గంటలు ఆన్నే నిలబడినాయి. ఈడికి వచ్చేతలికి కంకర చల్లబడి గడ్డలు కట్టినాది. పారలతో ఇరగ్గొట్టి పరిసినాము. ఇది పనికిరాదప్పా అంటి. మంత్రి వస్తాండాడు, తొక్కిచ్చేయండి అనిరి ఎర్రన్న మనుషులు. రోలరు ఎంత తొక్కినా అణగలేదు."

సర్దార్ జీపు పక్క నుంచి ముందుకొచ్చి, ఆయమ్మ చెప్పింది నిజమని, కువైట్లో కూడా చల్లబడిన కంకరను పారబోసేవాళ్ళమని, చల్లబడితే ఏ రోలరుకూ అణగదని అన్నాడు. మహమూదా తన తండ్రి అంతమంది ముందు మాట్లాడడం అదే మొదటిసారి చూసింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. తల వంచుకుని గ్రీజు తుడిచింది.

ఎర్రన్న గొడుగు పక్కన పెట్టి నడిచి వచ్చాడు. కోపంతో వస్తున్నాడనుకుని పోలీసులు కదిలారు. ఆయన వచ్చి ఆ ఆఖరి అంకె తానే వంగి చదువుకున్నాడు. చదువు పెద్దగా లేని మనిషి. అంకెలు మాత్రం వచ్చు.

"లేపి మళ్ళా ఏస్తా," అన్నాడు. తర్వాత చిన్నన్న వైపు తిరిగాడు. "ఆ పొద్దు టిప్పర్లు ఆపకుండా వదిలి ఉంటే ఈ పాడు పని అవసరమయ్యేది కాదు మామా. ఈ తూరి వదులు."

రాళ్ళు పెట్టించింది చిన్నన్నే. రోడ్డు వంక చూస్తూ, "వదుల్తాం లే. నా మనిషి ఒకడు క్రాసింగు కాడ నిలబడి పంపిస్తాడు," అన్నాడు.

కౌగిలింతలు ఏమీ జరగలేదు. ఎవరి సుమోల్లో వాళ్ళు పోయారు. జూన్ మొదటి వారంలో ఆ ఆరు వందల మీటర్లు తవ్వి మళ్ళీ వేశారు. మహమూదా ప్రతి టిప్పరు ఆగగానే పొడుగు థర్మామీటరు కంకరలో గుచ్చేది. నూట నలభై డిగ్రీలుంటేనే దింపనిచ్చేది. క్రాసింగు దగ్గర చిన్నన్న మనిషి ఎండలో నిలబడి చెయ్యి ఊపి టిప్పర్లను వదిలాడు. పెద్దసుబ్బమ్మ కంకర పరిచింది. రోలరు వెనక కొత్త రోడ్డు నల్లగా మెరుస్తూ పడుతుంటే మహమూదాకు కూర్చోబుద్ధి కాలేదు. మరునాడు తెల్లవారి మొదటి అంకె ఎనభై ఆరు. మొత్తం పదకొండు కిలోమీటర్లలో అంతకంటే మంచి అంకె ఎక్కడా రాలేదు. చదివినవాళ్ళు ఆ అంకెను కేక పెట్టి చెప్పారు.

ఫ్యాక్షన్ ఆ రోడ్డుతో పోలేదు. ఆ ఎన్నికల్లో ఆ పక్కనే వేరే ఊళ్ళో బాంబులు పడ్డాయి. ఎర్రన్న, చిన్నన్న మళ్ళీ పార్టీల కోసం తగువులు పడ్డారు. అయితే ఆ రోడ్డు కోసం మాత్రం పడలేదు. ఆ వానాకాలం రెండు ఊళ్ళ బస్సులూ ఆ దారినే తిరిగాయి.

మహమూదా జీవితం మాత్రం మారిపోయింది. పెంచలయ్య సారు రాసిన పరిశోధన పత్రంలో ఆమె పేరు ముందు పెట్టాడు. తిరుపతిలో సదస్సుకు తీసుకుపోయాడు. వేదిక మీద మొదటి రెండు నిమిషాలు ఆమె మాట వినపడలేదు. ఐసుగడ్డ బొమ్మ తెర మీద పడ్డాక గొంతు పుంజుకుంది. తర్వాత పులివెందుల వైపు కొత్త రోడ్లు పడ్డప్పుడు ఇంజినీర్లు ఆమెను పిలిపించుకునేవాళ్ళు. గండి ఆంజనేయస్వామి గుడికి పోయే దారిని ఒక శ్రావణ మాసంలో కొలవాల్సి వచ్చింది. శనివారం బస్సులు మొదలవకముందే ముగించాలని చీకటి విడకముందే మొదలుపెట్టి, జనం వచ్చేసరికి ఆఖరి అంకె రాసేసింది. భక్తులు బస్సుల కిటికీల్లోంచి చూస్తుంటే రోడ్డు మీద గొంతుక్కూర్చుని ఉన్న బురఖా మనిషి, తనకు నచ్చిన అంకె వచ్చినట్టుంది, పక్కనున్న ఇంజినీరు వైపు తిరిగి నవ్వుతోంది.

పెళ్ళి చేసుకుంది. భర్త మహబూబ్ బాషా కువైట్ నుంచి వచ్చి ప్రొద్దుటూరులోనే మెకానిక్ షెడ్డు పెట్టాడు. సారు రిటైరయ్యాక ఆ ల్యాబు బాధ్యత ఆమె చేతికి వచ్చింది. ఆమె గీసిన వేడి పట్టిక పెద్ద అక్షరాలతో గోడకు వేలాడుతుంది. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆమె మొదటి పాఠం ఇప్పటికీ అదే. ఒకే బిళ్ళను పొద్దున చల్లగా, మధ్యాహ్నం ఎండలో పెట్టి కొలిపిస్తుంది. అంకెలు వేరుగా వచ్చినప్పుడు యంత్రం చెడిపోయిందని వాళ్ళు అనుకునే ఆ కాసేపు, ఆమె ఏమీ చెప్పకుండా బల్ల అంచున కూర్చుని ఎదురుచూస్తుంది.